నమ్మకం ఎవరిది? నష్టం ఎవరికి?

(పాతబస్తీలోని ఒక చదువు కేంద్రంలో మహిళలతో ఒక టీచరు మాట్లాడిన మాటలు)

అమ్మలారా! అక్కలారా! చెల్లెళ్ళారా!

మీరంతా పొద్దంతా పని చేసి వచ్చారు. కొందరు లాడ్ బజార్ గాజులకు రాళ్ళు అతికి వచ్చారు. కొందరు నాలుగిళ్ళలో అంట్లు తోమి వచ్చారు. కొందరు అగరుబత్తీలు చుట్టి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. అందుకని ఎక్కడివో పెద్ద సంగతులు చెప్పను. రోజూ మన ఇంట్లో, మన గల్లీలో చూసే సంగతే చెప్తాను.

అది నమ్మకాల సంగతి.

"టీచరమ్మ మన దేవుణ్ణి తిట్టడానికి వచ్చింది" అని అనుకోకండి. మొక్కు మీది. గుడి మీది. దర్గా మీది. వాటి జోలికి నేను పోను. ఇంట్లో ఖర్చు లెక్క చూసుకుంటాం కదా! ఏది అవసరం, ఏది దండుగ అని చూస్తాం. నమ్మకాలకు కూడా అట్లాగే ఒకసారి లెక్క చూద్దాం.

నమ్మకాలు లేని ఇల్లు ఉందా?

ఇంటి గడప మీద నిలబడి తుమ్మితే ఆగుతాం. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరుగుతాం. దుకాణానికి నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు కడతాం. పిల్లవాడు పాలు తాగకపోతే ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. "అబ్బ, ఘాటు రాలేదు. ఎంత దిష్టి తగిలిందో!" అంటాం. దీపాలు పెట్టినాక ఇల్లు ఊడవం. కట్నం చదివిస్తే 100 కాదు, 116 చదివిస్తాం.

పక్కింటి ఫాతిమా అక్క ఇంట్లో దిష్టిని నజర్ అంటారు. మాట వేరు. భయం ఒక్కటే. మనం ఆషాఢంలో పెళ్ళి పెట్టుకోం. వాళ్ళల్లో కొందరు సఫర్ నెల మొదటి 13 రోజులు మంచివి కావంటారు. వాటిని తేరా తేజీ అంటారు. మనం ప్రయాణానికి ఎదురు చూస్తాం. వాళ్ళు ప్రయాణమయ్యే మనిషి చేతికి ఇమామ్ జామిన్ అని ఒక నాణెం కడతారు.

కొందరు అంటారు. "ఈ నమ్మకాలన్నీ చదువు రాని ఆడవాళ్ళవే" అని. అది తప్పు మాట.

జపాన్ అనే దేశం ఉంది. ఆ దేశం వాళ్ళు కార్లు చేస్తారు. టి.వి.లు చేస్తారు. గాలిలా దూసుకుపోయే రైళ్ళు నడుపుతారు. అక్కడ చదువు రానివాళ్ళు దాదాపు లేరు. మరి వాళ్ళకు నమ్మకాలు లేవా? ఉన్నాయి. రాత్రిపూట గోళ్ళు తీయకూడదని వాళ్ళల్లోనూ పెద్దలు చెప్తారు. తీస్తే తల్లిదండ్రుల ఆఖరి ఘడియలో దగ్గర ఉండలేరట. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దంటారు. మనమూ అదే అంటాం కదా! వాళ్ళ భాషలో నాలుగును "షి" అంటారు. చావును కూడా "షి" అనే అంటారు. అందుకని కొన్ని ఆసుపత్రులలో 4 నంబరు గది పెట్టరు.

చూశారా! నమ్మకం చదువు లేకపోవడం వల్లనే పుట్టదు. భయం నుంచి పుడుతుంది. మన చేతిలో లేనిది ఏదైనా వస్తే భయం వేస్తుంది. రోగం, వరద, కాన్పు, చావు. భయం ఉన్న చోట మనిషి ఏదో ఒక ఆసరా వెతుక్కుంటాడు. అది తప్పు కాదు. ఆసరా దొరికిన తర్వాత ఏం చేశాం అన్నదే ముఖ్యం.

మూసీ చెప్పే పాఠం

మన పాతబస్తీ కథే ఒకటి చెప్తాను.

1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. ఇళ్ళు కొట్టుకుపోయాయి. వంతెనలు మునిగాయి. వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న చోట ఒక చింతచెట్టు ఉంది. ఆ చెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణం దక్కించుకున్నారని చెప్తారు.

అప్పుడు నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన ముసల్మాను. అయినా పండితులు చెప్పిన మాట విని నది దగ్గరికి వచ్చాడట. పసుపు, కుంకుమ, చీర, ముత్యాలు మూసీ తల్లికి సమర్పించాడట. పాతబస్తీలో ఈ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజే వచ్చి మొక్కితే జనానికి గుండె ధైర్యం వచ్చి ఉంటుంది. కష్టంలో ధైర్యం కావాలి. మంచిదే.

అయితే కథ అక్కడ ఆగలేదు. నది మళ్ళీ పొంగితే ఎట్లా అని ఆలోచించారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించారు. ఆయన నదిని చూశాడు. వాన లెక్కలు చూశాడు. ఊరికి పైన కట్టలు కట్టాలని చెప్పాడు. 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది. మనం గండిపేట అనేది దాన్నే. 1927లో హిమాయత్ సాగర్ పూర్తయింది. వరద నీళ్ళను ఆపే కట్టలే ఊరికి తాగే నీళ్ళు కూడా ఇచ్చాయి.

నదికి చీర పెట్టింది ధైర్యం కోసం. కట్ట కట్టింది ప్రాణం కోసం. చీర పెట్టి ఊరుకుంటే ఏమయ్యేది? మళ్ళీ మునిగేవాళ్ళం.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఏ నమ్మకం దగ్గరైనా ఒక ప్రశ్న అడుగుదాం. "చీర పెట్టాం సరే. కట్ట కట్టామా?"

పాము కాటు, తాళంచెవుల గుత్తి

అదే మహబూబ్ అలీ ఖాన్ గురించి ఇంకో నమ్మకం ఉండేది. పాము కరిస్తే ఆయన పేరు చెప్పుకుంటే చాలు, విషం దిగుతుందని జనం నమ్మేవారు. ఆయన 1911లో చనిపోయాడు. ఆయన సమాధి మక్కా మసీదు ఆవరణలో ఉంది.

మరి పేరు చెప్పుకుంటే చాలామంది బతికారు కదా అని మీరు అడగవచ్చు. అవును, బతికారు. ఎందుకో చెప్తాను.

మన దగ్గర తిరిగే పాములలో ఎక్కువ పాములకు విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి లాంటి కొన్ని పాములకే ప్రాణం తీసే విషం ఉంది. అవి కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. అందుకని ఏ మంత్రం వేయకపోయినా చాలామంది బతుకుతారు. మంత్రం వేస్తే మంత్రం వల్ల బతికారని అంటాం. బతికినవాడు ఊరంతా చెప్తాడు. చనిపోయినవాడు వచ్చి చెప్పలేడు కదా! మన చెవిన పడేది బతికినవాళ్ళ మాటే.

మూర్ఛ వచ్చినప్పుడూ ఇంతే. చేతిలో తాళంచెవుల గుత్తి పెడతాం. రెండు నిమిషాలకు మూర్ఛ తగ్గుతుంది. "ఇనుము పెట్టగానే తగ్గింది" అంటాం. పెట్టకపోయినా తగ్గేదే. మామూలుగా మూర్ఛ రెండు మూడు నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. ఆ మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూర్ఛకు మందులున్నాయి. రోజూ వేసుకుంటే చాలామందికి మూర్ఛ రాకుండా ఉంటుంది.

పాము కరిస్తే కోయవద్దు. నోటితో పీల్చవద్దు. తాడుతో గట్టిగా బిగించవద్దు. మనిషిని నడిపించవద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ విషానికి విరుగుడు సూది ఉంటుంది. కుక్క కరిస్తే కారం, సున్నం అద్దవద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు సూది వేయించాలి. కుక్క పిచ్చి రోగం ఒకసారి బయట పడిందంటే మనిషి దక్కడం చాలా కష్టం. సూది ముందే పడాలి.

ఇంట్లో ఎవరైనా మంత్రం వేయిస్తామంటే గొడవ పడకండి. "ఆటోలో పోతూ చదువుకోండి" అనండి. మంత్రం కోసం ఆటో ఆగకూడదు.

అమ్మవారు, గాలి

మనకు బోనాలు పెద్ద పండుగ. లాల్ దర్వాజ అమ్మవారికి బోనం ఎత్తని ఇల్లు మన దగ్గర తక్కువ. 1813లో ఇక్కడ మహమ్మారి వచ్చిందట. ఉజ్జయినిలో ఉన్న మన సిపాయిలు రోగం తగ్గితే గుడి కడతామని మొక్కుకున్నారట. అప్పటి నుంచి ఈ బోనాలు అని చెప్తారు. రోగ భయం నుంచి పుట్టిన పండుగ ఇది. ఇప్పుడు ఆడబిడ్డలు ఇంటికి వచ్చే సంతోషపు పండుగ అయింది. ఇట్లాంటి పండుగ ఉండాలి.

వెనక రోజుల్లో మశూచి ఉండేది. పెద్దమ్మవారు అనేవాళ్ళు. ఎందరో చచ్చిపోయారు. ఎందరికో కళ్ళు పోయాయి. బతికినవాళ్ళకు ముఖం మీద గుంటలు పడ్డాయి. ఇంటికి వేపమండలు కట్టేవాళ్ళు. వేపమండ చూసి బయటి మనుషులు లోపలికి వచ్చేవాళ్ళు కాదు. అందువల్ల రోగం కొంత తక్కువ పాకేది. అది పెద్దల తెలివి. కానీ వేపమండ రోగాన్ని పోగొట్టలేదు. టీకా పోగొట్టింది. 1796లో ఇంగ్లాండులో జెన్నర్ అనే డాక్టరు ఆ టీకా కనిపెట్టాడు. 1977లో మన దేశం నుంచి మశూచి పోయిందని ప్రకటించారు. 1980లో ప్రపంచంలోనే లేదన్నారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు.

తట్టు ఇంకా ఉంది. దాన్ని కూడా అమ్మవారే అంటాం. "ఇంట్లో అమ్మవారు ఉంది, మందు వేయకూడదు" అంటాం. ఇక్కడ జాగ్రత్త! తట్టు వచ్చిన బిడ్డకు నిమ్ము చేస్తుంది. విరేచనాలు పడతాయి. కళ్ళు పోవచ్చు. మందు ఆపితే బిడ్డ పోవచ్చు. తిండి కూడా ఆపకూడదు. బిడ్డకు 9 నెలలు నిండగానే తట్టు టీకా ఒకటి వేయించాలి. 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి వేయించాలి. బోనం ఎత్తండి. టీకా కూడా వేయించండి.

ఇంకో మాట. "గాలి సోకింది" అంటాం. తెల్లవాళ్ళూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నారు. మలేరియా అంటే వాళ్ళ మాటలో "చెడు గాలి" అని అర్థం. చలిజ్వరం చెడు గాలి వల్ల వస్తుందని వాళ్ళు నమ్మారు. ఆ నమ్మకం తప్పని తేలింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాదు పక్కన, బేగంపేటలో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. తప్పు గాలిది కాదు, దోమది అని అప్పుడు దారి దొరికింది. దోమ అని తెలిసింది కాబట్టే దోమతెర కట్టుకుంటున్నాం. నీళ్ళు నిలవ ఉంచవద్దంటున్నాం. గాలి అనుకుని కూర్చుంటే ఏం చేయగలం?

కొత్త కోడలు ముభావంగా ఉన్నా, బాలింత ఏడుస్తూ ఉన్నా "గాలి పట్టింది" అని వేపమండలతో కొడతారు. పొగ పెడతారు. అది జబ్బు కావచ్చు. మనసుకు కూడా జబ్బు చేస్తుంది. అది సిగ్గు పడే సంగతి కాదు. మనసు జబ్బుకూ మందు ఉంది. ఎర్రగడ్డలో సర్కారు ఆసుపత్రి ఉంది. దెబ్బలు ఏ జబ్బుకూ మందు కావు.

గ్రహణం మొర్రి ఎవరి తప్పు?

ఇప్పుడు తల్లుల సంగతికి వద్దాం.

కొందరు బిడ్డలు పై పెదవి చీలి పుడతారు. దాన్ని మనం గ్రహణం మొర్రి అంటాం. పేరులోనే నమ్మకం ఉంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందనో, కత్తిపీట పట్టిందనో అంటారు. పుట్టిన బిడ్డను చూసి తల్లి ఏడుస్తుంది. అత్త, ఆడబిడ్డ కలిసి "నువ్వే కదిలి ఉంటావు" అంటారు. ఆమె బతుకంతా ఆ మాట మోస్తుంది.

అసలు సంగతి ఇది. కడుపులో బిడ్డ పెదవి రెండో నెలలోనే కుదురుకుంటుంది. చాలామందికి కడుపు వచ్చిన సంగతి కూడా అప్పటికి సరిగా తెలియదు. ఆ రోజుల్లో రెండు వైపుల కండ కలవకపోతే పెదవి చీలి ఉంటుంది. మన దగ్గర గ్రహణం కనిపించని ఏడు కూడా ఇట్లాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారు. సూర్యగ్రహణం అంటే ఏమిటి? సూర్యుడికి, మనకు మధ్య చంద్రుడు అడ్డం వస్తాడు. ఆ నీడ మన మీద పడుతుంది. నీడ ఎవరి పెదవినీ కోయదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. పట్టపగలే చీకటి పడింది. జనం తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు. అదే రోజు హైదరాబాదుకు దగ్గరలోని జపాల్ - రంగాపూర్‌లో, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ దూరదర్శిని ఉన్న చోట, శాస్త్రజ్ఞులు ఆ గ్రహణాన్ని పరిశీలించారు. ఒకరు భయపడి దాక్కున్నదాన్నే ఇంకొకరు చదువుకున్నారు.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజం. సూర్యుణ్ణి ఉత్త కళ్ళతో చూడకూడదు. చూస్తే కళ్ళు చెడిపోతాయి. ఆ మాట అందరికీ వర్తిస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళకు ఒక్కరికే కాదు. కడుపుతో ఉన్న మనిషిని గ్రహణం పేరు చెప్పి అన్నం, నీళ్ళు లేకుండా గంటల కొద్దీ కూర్చోబెట్టవద్దు.

పెదవి చీలిన బిడ్డ పుడితే దాచకండి. ఆపరేషనుతో పెదవి కలుస్తుంది. బిడ్డకు కొన్ని నెలలు నిండాక చేస్తారు. సర్కారు ఆసుపత్రిలో అడగండి. ముందు ఆ తల్లితో ఒక మాట అనండి. "ఇది నీ తప్పు కాదమ్మా" అనండి. ఆ మాటకు ఖర్చు లేదు.

పసిబిడ్డ దగ్గర మూడు జాగ్రత్తలు

ఒకటి: ముర్రుపాలు. కాన్పు కాగానే వచ్చే పసుపుపచ్చ పాలు ఇవి. "చెడ్డ పాలు" అని పిండి పారబోస్తాం. బిడ్డకు చక్కెర నీళ్ళు, తేనె నాకిస్తాం. ఆ పాలల్లోనే బిడ్డకు రోగం రాకుండా కాపాడే బలం ఉంది. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. తేనె వద్దు. నీళ్ళు వద్దు. ఆరు నెలలు తల్లిపాలు చాలు.

రెండు: కాటుక. దిష్టి తగలకూడదని కంటి నిండా కాటుక పెడతాం. కొన్ని కాటుకలలో, సుర్మాలలో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడుకు చెడ్డది. మురికి వేలితో కంటిలో పెడితే కళ్ళు కూడా పుసులు కడతాయి. దిష్టి చుక్క కావాలంటే అరికాలి మీద పెట్టండి. అత్తగారికి తృప్తి. బిడ్డ కంటికి హాయి.

మూడు: పసిరికలు. బిడ్డ పచ్చబడితే చేతికి వాతలు పెట్టిస్తాం. ముక్కులో, కంటిలో పసరు పోయిస్తాం. పుట్టిన బిడ్డకు కొద్దిగా పచ్చదనం రావడం మామూలే. చాలామందికి రెండు వారాలలో పోతుంది. కానీ అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు తాగకపోయినా ఆలస్యం చేయకూడదు. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో నీలి దీపం కింద పడుకోబెట్టి తగ్గిస్తారు. దీపంతో తగ్గేదానికి బిడ్డ ఒళ్ళు కాల్చడం ఎందుకు?

చేప ప్రసాదం

మన దూద్‌బౌలి పేరు దేశమంతా తెలిసింది చేప వల్ల. మృగశిర కార్తె రాగానే ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బతికి ఉన్న చిన్న కొర్రమీను నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు. 1845 నుంచి తమ వంశంలో ఇది ఉందని బత్తిని కుటుంబం చెప్తుంది. ఆ ముద్దకు డబ్బు తీసుకోరు. తర్వాత దీన్ని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మార్చారు. మందు అనే మాట మీద జన విజ్ఞాన వేదిక వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు.

ప్రసాదం అంటే ప్రసాదంగా తీసుకోండి. కానీ దానితో ఆయాసం పోతుందని శాస్త్రపరంగా రుజువు కాలేదు. ఆయాసం కొన్నాళ్ళు తగ్గి, కొన్నాళ్ళు పెరిగే జబ్బు. తగ్గిన రోజుల్లో చేప మింగితే చేప వల్ల తగ్గిందని అనిపిస్తుంది. చేప మింగామని డాక్టరు ఇచ్చిన పీల్చే మందు ఆపవద్దు. రాత్రి ఊపిరి అందకపోతే చేప కాపాడదు. ఆ మందు కాపాడుతుంది.

మంత్రంతో, తాయెత్తుతో జబ్బు నయం చేస్తామని గోడల మీద కాగితాలు అంటిస్తారు. చాలా జబ్బుల విషయంలో అట్లాంటి ప్రకటన ఇవ్వడం నేరం. 1954లోనే దీనికి చట్టం వచ్చింది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. గోడ మీది కాగితం చదవండి. వేల రూపాయలు అడిగితే ఆగి ఆలోచించండి.

మనిషికే కీడు అంటగడితే?

ఇంతదాకా చెప్పినవాటిలో ఎక్కువ భాగం సర్దుకోవచ్చు. ఇప్పుడు చెప్పేవి సర్దుకునేవి కావు.

భర్త పోయిన ఆమె ఎదురొస్తే పని చెడుతుందంటాం. ఆమెను పెళ్ళిలో వెనక కూర్చోబెడతాం. కన్నకూతురి తలమీద నాలుగు అక్షింతలు వేయనివ్వం. ఆమె ఏం పాపం చేసింది? భర్త పోయిన దుఃఖం ఉంది. ఇల్లు నడిపే బరువు ఉంది. పైన ఈ అవమానం కూడానా? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించాడు. నూరేళ్ళు దాటి ఎన్నో ఏళ్ళయింది. మనం ఇంకా గుమ్మం దగ్గరే ఆగి చూస్తున్నాం.

ఆడపిల్ల మూల నక్షత్రంలో పుడితే మామకు గండం అంటాం. ఆశ్లేష అయితే అత్తకు, జ్యేష్ఠ అయితే బావకు, విశాఖ అయితే మరిదికి కీడు అంటాం. దీంతో ఎన్ని సంబంధాలు తప్పిపోతున్నాయో! అదే నక్షత్రంలో పుట్టిన మగపిల్లవాడి సంబంధం ఇంత సులభంగా తప్పిపోతుందా?

ఇక్కడ జపాన్ సంగతి మళ్ళీ చెప్పాలి. మన తెలుగు సంవత్సరాలు 60 కదా! వాళ్ళకూ 60 ఏళ్ళ చక్రం ఉంది. అందులో ఒక ఏడును "నిప్పు గుర్రం" ఏడు అంటారు. ఆ ఏడు పుట్టిన ఆడది మొగుణ్ణి మింగుతుందని పాత నమ్మకం. 1966 ఆ ఏడు. 1965లో ఆ దేశంలో దాదాపు 18 లక్షల 20 వేల మంది బిడ్డలు పుట్టారు. 1966లో దాదాపు 13 లక్షల 60 వేల మందే పుట్టారు. 1967లో మళ్ళీ 19 లక్షలు దాటారు. ఆడపిల్ల పుడితే పెళ్ళి కాదని లక్షల మంది ఆ ఏడు బిడ్డే వద్దనుకున్నారు. అంత చదువుకున్న దేశంలో! ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలు పెరిగారు. చదివారు. ఉద్యోగాలు చేశారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళు ఎవరినీ మింగలేదు. 1966 తర్వాత మళ్ళీ నిప్పు గుర్రం ఏడు 2026.

అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి. మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అంటారు. ఇంట్లో ఒకరికి అంతుపట్టని జబ్బు చేస్తే పక్కవాళ్ళ మీద అనుమానం. మంత్రాలు చదవకుండా చేయాలని ఆ మనిషి పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు ఉన్నాయి. కొట్టి చంపిన సంఘటనలు ఉన్నాయి. చాలా సార్లు బలయ్యేది దిక్కులేని ముసలామె, బీదవాడు, ఒంటరి మనిషి. జబ్బుకు కారణం ఆసుపత్రిలో తెలుస్తుంది. పక్కింటి ఆమె నోట్లో తెలియదు. మన బస్తీలో ఎవరినైనా మంత్రగత్తె అంటే పదిమంది ఆడవాళ్ళం కలిసి ఆ ఇంటి ముందు నిలబడాలి. పోలీసులకు చెప్పాలి.

మూడు ప్రశ్నలు

అక్కలారా! ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అని నేను పట్టీ రాసి ఇవ్వను. మీరే లెక్క చూసుకోండి. ఏ నమ్మకం వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి.

1. దీనివల్ల డాక్టరు దగ్గరికి పోవడం ఆలస్యం అవుతుందా?

2. దీనికోసం అప్పు చేయాల్సి వస్తుందా?

3. దీనివల్ల ఎవరైనా మనిషికి అవమానం, బాధ కలుగుతుందా?

మూడింటికీ "లేదు" అని వస్తే ఆ నమ్మకం ఉండనివ్వండి. దుకాణానికి నిమ్మకాయ కట్టుకోండి. 116 చదివించుకోండి. మొదటి ప్రశ్నకు "అవును" అని వస్తే ముందు ఆసుపత్రికి నడవండి. రెండో దానికి "అవును" అని వస్తే రూపాయి తీయకండి. మూడో దానికి "అవును" అని వస్తే ఆ నమ్మకాన్ని ఆ రోజే వదిలేయండి.

చివరగా ఒక మాట. ఈ నమ్మకాల బరువు ఎక్కువ ఎవరి మీద పడుతోంది? తల్లి మీద. కోడలి మీద. భర్త పోయిన మనిషి మీద. పుట్టిన ఆడపిల్ల మీద. అంటే మన మీదే. మరి వీటిని ఇంట్లో నిలబెడుతున్నది ఎవరు? అదీ ఎక్కువగా మనమే. అందుకే వీటిని మార్చడం కూడా మన చేతిలో ఉంది. మగవాళ్ళ అనుమతి కోసం చూడాల్సిన పని లేదు. వచ్చే పెళ్ళిలో భర్త పోయిన అక్కను చెయ్యి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టండి. మొదటి అక్షింతలు ఆమె చేత వేయించండి. ఎవరేమంటారో చూద్దాం.

సెలవు.

మాట్లాడుకుందాం

మీ ఇంట్లో ఉన్న ఐదు నమ్మకాల పేర్లు రాయండి.

ఒక్కో దానికి మూడు ప్రశ్నలు వేయండి. జవాబు పక్కన రాయండి.

ఏ నమ్మకాన్ని ఉంచుతారు? దేన్ని వదిలేస్తారు? పక్కన కూర్చున్న అక్కకు చదివి వినిపించండి.